సీపీఎస్ గొడవలో అసలు లెక్క డీఏ దగ్గరుంది

సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) మాటొస్తే చాలు, మా స్టాఫ్‌రూమ్ రెండు పార్టీలుగా చీలిపోతుంది. జీతంలోంచి కోసిన పెన్షన్ డబ్బు మార్కెట్లో ఎంత పెరుగుతుంది, ఎంత మునుగుతుంది అని ఒకటే వాదన. నాకైతే అందులో సగం దండగనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్ళకి సీపీఎస్. బేసిక్, డీఏ (ధరలు పెరిగేకొద్దీ పెంచే కరువు భత్యం) కలిపి అందులో 10 శాతం మన జీతంలోంచి కోసి ప్రాన్ అనే మన పెన్షన్ ఖాతాలో వేస్తారు, ప్రభుత్వం కూడా తన వాటా కలుపుతుంది. రిటైరయ్యాక 60 శాతం దాకా చేతికిస్తారు, కనీసం 40 శాతం పెట్టి బీమా కంపెనీ దగ్గర నెలనెలా పెన్షన్ కొనుక్కోవాలి. సరే, ఖాతాలో 50 లక్షలు జమయ్యాయనే అనుకుందాం. 20 లక్షలు పెన్షన్‌కి పోతాయి, ఏడాదికి 6 శాతం చొప్పున ఇస్తే నెలకు 10 వేలు. ఇలా కొనుక్కున్న పెన్షన్‌నే యాన్యుటీ అంటారు, మామూలు యాన్యుటీ అయితే ఆ 10 వేలు ఎప్పటికీ 10 వేలే. ధరలు ఏటా 5 శాతం పెరుగుతూ పోతే 20 ఏళ్ళకు దానితో కొనగలిగేది ఇవాళ్టి 3,800 రూపాయల సరుకు. మిగతా 30 లక్షలు ఉన్నాయిగా అంటారు. ఆ డబ్బు చేతికొచ్చిందని తెలిశాక చుట్టాలకు మన మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మా నాన్నది సీపీఎస్‌కి ముందున్న పాత పెన్షన్. ఆయన స్లిప్పులో బేసిక్ కింద డీఆర్ అని, అంటే పెన్షనర్లకిచ్చే డీఏ, ఒక లైను ఉంటుంది, రేటు పెంచుతూ జీవో వచ్చినప్పుడల్లా ఆ అంకె పెరుగుతుంది. కమ్యుటేషన్ కింద, అంటే రిటైరైనప్పుడు కొంత పెన్షన్‌కి బదులు ఒకేసారి డబ్బు తీసుకున్నందుకు, నెలనెలా కోసుకున్నది కూడా 15 ఏళ్ళకు మళ్ళీ కలిసింది. సెన్సెక్స్ ఎక్కడుందో ఆయనకి అనవసరం. రేపు ఆయనకేమైనా అయితే అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది.

అలాగని పాత పద్ధతి ఉన్నదున్నట్టు తెచ్చేయమని నేననను. అందులో ముందుగా దాచిన నిధంటూ ఏమీ లేదు, ఆ ఏడు వచ్చిన పన్నుల్లోంచే కట్టాలి, అదేమో పెన్షన్ మొహమే చూడని కూలీలు కూడా కట్టే పన్ను. ప్రైవేటువాళ్ళ సంగతైతే మరీ ఘోరం, 2014 నుంచి ఈపీఎస్‌లో (పీఎఫ్ కట్టేవాళ్ళకిచ్చే పెన్షన్ పథకం) కనీస పెన్షన్ 1,000 రూపాయలు. గ్యాస్ బండ తెచ్చుకుంటే ఇంకేం మిగులుతుంది?

కేంద్రం తన ఉద్యోగులకి 2025 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) నాకు కాస్త దారిలో ఉన్నట్టే కనిపిస్తుంది. ఉద్యోగి 10 శాతం కడుతూనే ఉంటాడు, 25 ఏళ్ళ సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, దాని మీద డీఆర్. మన రాష్ట్రంలో 2019 ఎన్నికలప్పుడు అధికారంలోకొచ్చిన వారంలో సీపీఎస్ రద్దని జగన్ అన్నారు, నాలుగేళ్ళు గడిచాక దాని బదులు జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ స్కీమ్) చట్టం చేశారు. సంఘాలవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: రద్దా, కొనసాగింపా అన్నది పక్కనపెట్టి ముందు డీఆర్‌కి రాతపూర్వకంగా హామీ తీసుకోండి, అందుకోసం నా జీతంలో ఇంకో రెండు శాతం కోసినా నేను ఒప్పుకుంటాను.