కారు ఖర్చు ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు: నా అనుభవం

కారున్నవాళ్లు నలుగురు కలిస్తే ముందు వచ్చే ప్రశ్న "మైలేజ్ ఎంతిస్తోంది?" అనే. సర్వీసింగ్‌కి ఎంతయింది, ఇన్సూరెన్స్ ఎంత కట్టావు అని ఎవరూ అడగరు. పెట్రోల్ డబ్బు వారం వారం చేతిలోంచి పోతుంది కాబట్టి కళ్లకి కనిపిస్తుంది. మిగతావి ఏడాదికోసారి వచ్చి ఒక్కసారే లాగేసుకుంటాయి, మళ్లీ ఏడాది దాకా గుర్తు రావు.

మాది శ్రీకాకుళం టౌను. కారు 2019 మోడల్, పెట్రోల్, 1200 సీసీ. టౌన్లో పనులకి, నెలకి రెండుసార్లయినా అమ్మని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, పండగలకి పాతపట్నం అత్తవారింటికి వాడతాం. ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. అన్నీ కలిపితే ఖర్చు లక్షకి దగ్గరపడుతోందని మా ఆవిడ లెక్క తీసి చూపించింది. అమ్మేద్దామా అన్న మాట కూడా వచ్చింది. అమ్మేముందు ఎంతవరకు దించగలమో చూద్దాం అన్నాను.

మొదట పెట్రోల్. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజ్ అంకెను పక్కన పెట్టి, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి కొలిచాను. నాజిల్ తనంతట తాను ఆగగానే చాలని చెప్పాలి. "రౌండ్ ఫిగర్ చేసెయ్యమంటారా సార్" అంటారు, వద్దనాలి. ట్రిప్ మీటర్ జీరో చేసుకుని, మళ్లీ అదే బంకులో, అదే పంపు దగ్గర నింపించి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగిస్తే లెక్క తేలుతుంది. లీటరుకి పదిహేను వచ్చింది. డ్యాష్‌బోర్డు మాత్రం పదహారున్నర అంటోంది! లీటరు నూటపది అటూ ఇటూగా వేసుకున్నా పెట్రోల్‌కే ఏడాదికి అరవై ఆరు వేలు.

ఆ పదిహేనుని కిందికి లాగుతున్నది హైవే కాదు. ఇంటి నుంచి రైతుబజారు, రైతుబజారు నుంచి ఏడురోడ్ల కూడలి, మళ్లీ ఇంటికి. ఇంజిన్ వేడెక్కేలోపే పని అయిపోయే ప్రయాణాలివి. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ పడుతుంది, పైగా ఫస్టు, సెకండు గేర్లలోనే సగం దారి. వాటికి స్కూటీ తీశాం. వర్షం పడితేనో, అమ్మ వస్తేనో తప్ప టౌన్లో కారు బయటికి రాదు. నెల తిరిగేసరికి మైలేజ్ పెరిగింది, తిరిగే కిలోమీటర్లూ తగ్గాయి. ఇది చిట్కా కాదు, అందరికీ తెలిసిందే, కానీ మిగతా చిట్కాలన్నీ కలిపినా దీనికి సాటిరావు.

రెండోది టైర్లలో గాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్లో ఉంటుంది. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన. పట్టే కుర్రాడు అన్ని కార్లకీ ఒకే అంకె పెట్టేస్తాడు కాబట్టి మన అంకె మనమే చెప్పాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్న బయల్దేరగానే దగ్గరున్న బంకులో పట్టించుకుంటే సరిగ్గా వస్తుంది.

ఇక హైవే మీద వేగం. విశాఖకి వంద మీద వెళ్లడం మానేసి ఎనభై, ఎనభై అయిదు మధ్య వెళ్తున్నాను. గాలి అడ్డం వేగంతో పాటు నేరుగా పెరగదు, వేగం రెట్టింపైతే అడ్డం నాలుగింతలవుతుంది. ఆసుపత్రికి పావుగంట ఆలస్యంగా చేరతాం, అంతే. మా బావమరిదికి ఇది నచ్చదు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోల్ మిగులుతుందని వాడి నమ్మకం. కార్బ్యురేటర్ బళ్ల రోజుల్లో మాట అది. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా కాస్తయినా పోస్తూనే ఉండాలి. పైగా ఘాట్‌లో బ్రేకులు వేడెక్కిపోతాయి. పెట్రోలూ మిగలదు, ప్రాణానికీ గ్యారంటీ ఉండదు.

ఇదంతా చేస్తే పదిహేను కాస్తా పదిహేడు అయింది. ఏడాదికి ఏడు వేల పైచిలుకు మిగులుతుంది. అంతకు మించి ఎక్కడం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. 2023కి ముందు తయారైన మాలాంటి కార్లు చాలావరకు దీనికి తగ్గట్టు చేసినవి కావు. దాని గురించి బంకువాడితో వాదించి లాభం లేదు. ఖరీదైన ప్రీమియం పెట్రోల్ కూడా కొట్టించి చూశాను. మామూలు ఇంజిన్ కదా, తేడా ఏమీ లేదు, బిల్లు తప్ప. తెల్లవారుజామున కొట్టిస్తే చిక్కగా వస్తుందన్న మాట కూడా వదిలేశాను. ట్యాంకు భూమిలో ఉంటుంది, పైనున్న ఎండ దానికి తగలదు. అనుమానం ఉంటే అయిదు లీటర్ల కొలతపాత్రతో కొలిచి చూపించమని అడగొచ్చు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులో ఉండాలి. ఒకసారి అడిగాను. ముఖం చిట్లించారు గానీ కొలిచి చూపించారు, సరిగ్గానే ఉంది.

పాతపట్నం మావయ్యగారు మాత్రం మన జిల్లాలో పెట్రోల్ కొట్టించరు. ఊరు దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. మన రాష్ట్రంలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి నాలుగు రూపాయలు, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో 28 శాతం వ్యాట్. అందుకే అక్కడ లీటరుకి ఆరేడు రూపాయలు తక్కువ పడుతుంది. "శ్రీకాకుళం నుంచి వచ్చి నింపుకెళ్లొచ్చు కదా అల్లుడూ" అంటారాయన. ట్యాంకంతా నింపినా మిగిలేది రెండు వందలు. అందుకోసం రానుపోను వంద కిలోమీటర్ల పైనే తిరిగితే ఆరేడు లీటర్లు దానికే పోతాయి. పండక్కి వెళ్లినప్పుడు మాత్రం ట్యాంకు ఖాళీ చేసుకుని మరీ వెళ్తాం.

పెట్రోల్ తర్వాత సర్వీసింగ్. నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే, బాగా కలిసొచ్చిందీ ఇదే.

వారంటీ అయిపోయాక కూడా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్తుండేవాళ్లం. ఆ ఏడాది వెళ్లేముందు కారుతో ఇచ్చిన మాన్యువల్ తీసి, మెయింటెనెన్స్ పట్టికలో మా కిలోమీటర్లకి ఎదురుగా ఏం రాసుందో కాగితం మీద రాసుకున్నాను. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ మార్చాలి. బ్రేకులు, బెల్టు, కూలెంట్, సస్పెన్షన్ చూడాలి. అంతే. సర్వీస్ అడ్వైజర్ ఎస్టిమేట్ తీస్తే పదకొండు వేల ఎనిమిది వందలు. అందులో ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంజిన్ బే డ్రెస్సింగ్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్, అండర్‌బాడీ కోటింగ్.

"ఈ ఫ్లష్ దేనికండీ?"

"అయిదేళ్లు దాటింది కదా సార్, లోపల మడ్డి పేరుకుంటుంది. స్మూత్ అవుతుంది."

"మాన్యువల్‌లో లేదు కదా?"

"మాన్యువల్‌లో ఉండదు సార్, మేం రికమెండ్ చేస్తాం. వద్దంటే మీ ఇష్టం, రేపు ప్రాబ్లెమ్ వస్తే మమ్మల్ని అనకండి."

అదే మాట జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి అన్నాను. నవ్వేసి పెన్నుతో కొట్టేశాడు. తర్వాత ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. బండి ఒకవైపు లాగడం లేదు, టైర్లు ఒకవైపు అరగడం లేదు, కాబట్టి అలైన్‌మెంట్ వద్దు. డ్రెస్సింగ్ అంటే ఇంజిన్ మీద మెరుపు నూనె కొట్టడం, వద్దు. అండర్‌బాడీ కోటింగ్ మాత్రం ఉంచమన్నాను. సముద్రపు గాలికి తుప్పు ఎలా తింటుందో కళింగపట్నం వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది. అన్నీ పోగా బిల్లు ఆరు వేల చిల్లర. కొట్టేయించుకోవడానికి పట్టింది పది నిమిషాలు. కౌంటర్ దగ్గర కూర్చుని అడగాలంటే మొహమాటం, పక్కన మరో ఇద్దరు కస్టమర్లు వింటుంటారు. ఆ పది నిమిషాల మొహమాటం ఖరీదు అయిదు వేలు.

ఆ మరుసటి ఏడాది పాలకొండ రోడ్డులో ఒక మేస్త్రి దగ్గరికి వెళ్లాం. ఆయిల్ మాన్యువల్‌లో ఉన్న గ్రేడే, 0డబ్ల్యూ-20, సీలున్న డబ్బా నేనే కొన్నాను. ఫిల్టర్ స్పేర్ పార్ట్స్ షాపులో కంపెనీదే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పెట్టె మీద పాత రేటు ఉంటే అడగాలి. మేస్త్రి ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని మడతల్లోకి చూశాడు. "ఏటైంది బాబూ దీనికి? గాలి కొడితే సరిపోద్ది" అని లోపలి వైపు నుంచి గాలి కొట్టి మళ్లీ పెట్టేశాడు. బ్రేక్ ప్యాడ్లు కూడా నా ముందే విప్పి ఎంత మిగిలాయో చూపించాడు. కూలీతో కలిపి మూడు వేలు దాటలేదు.

ఏసీ ఫిల్టర్ నేనే మార్చాను. గ్లవ్ బాక్స్ రెండు వైపులా నొక్కితే కిందికి దిగుతుంది, వెనక ఒక మూత, దాని లోపల ఫిల్టర్. బయటికి లాగితే ఎండిన వేపాకులు, ఒక చీమల కుటుంబం, బూడిదరంగు దుమ్ము. కొత్తది మూడు వందల లోపే దొరికింది. బాణం గుర్తు ఏవైపు ఉందో పాతది తీసేటప్పుడే చూసుకోవాలి.

అన్నీ మేస్త్రికే వదిలెయ్యలేదు. ఒకసారి ఇంజిన్ లైటు వెలిగితే నేరుగా సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. స్కానర్ లేకుండా ఊహతో సెన్సర్లు మారుస్తూ పోతే మిగిల్చిందంతా అక్కడే పోతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర తగ్గించడానికి చోటు తక్కువ. థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం, ప్రభుత్వం నిర్ణయించిందే, 1000 నుంచి 1500 సీసీ కార్లకి 3,416 రూపాయలు, దాని మీద జీఎస్టీ. బేరం ఆడగలిగేది ఓన్ డ్యామేజ్ భాగం మీదే, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టేది. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఆ భాగం మీద 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా. అందుకే డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటో గీరుకున్నప్పుడు క్లెయిమ్ చెయ్యకుండా రెండున్నర వేలిచ్చి పెయింటర్ చేత బాగు చేయించాను. డీలర్ పంపిన రెన్యువల్ కోట్ పక్కన పెట్టి అదే ఐడీవీకి (ఇన్సూరెన్స్‌లో కారుకి కట్టే విలువ) వేరే కంపెనీల రేట్లు చూస్తే నాలుగు వేలు తేడా. పాలసీ గడువు దాటి 90 రోజులు పోతే బోనస్ కూడా పోతుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకున్నాను.

పాత కారే కదా, థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకోమన్నారు కొందరు. మన జిల్లాలో ఉండి ఆ పని నేను చెయ్యలేను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు ఎలా పడ్డాయో చూశాం. కారు మీద చెట్టు పడితే థర్డ్ పార్టీలో పైసా రాదు.

టోల్ సంగతి తేలిగ్గా తేలింది. విశాఖ వెళ్తే నాతవలస, పాతపట్నం వెళ్తే మడపాం. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ నేను తీసుకున్నప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో తీసుకున్నాను. టోల్ 75 రూపాయలు, 24 గంటల్లోపు తిరుగు ప్రయాణానికి సగం అనుకుంటే ఇరవై ఏడు సార్లు వెళ్లొస్తే డబ్బు తిరిగొచ్చినట్టే. మాకు నెలనెలా విశాఖ ఉంది కాబట్టి గిట్టింది. ఏడాదికి పది సార్లు కూడా హైవే ఎక్కనివాళ్లకి గిట్టదు. రాష్ట్ర రహదారుల టోళ్లకి ఈ పాస్ పనికిరాదు.

అన్నీ కలిపి లక్షకి దగ్గరగా ఉన్నది ఇప్పుడు డెబ్బై అయిదు వేల దరిదాపుల్లో ఉంది. అమ్మేద్దామన్న మాట ఇంట్లో ప్రస్తుతానికి ఆగింది. ఈ ఏడాది టైర్లు నాలుగూ మార్చాలి. షాపులవాళ్లు డిస్కౌంట్ ఎక్కువిస్తున్న టైర్ల పక్కభాగం మీద అచ్చేసిన నాలుగు అంకెలు చూశాను. 1523 అంటే 2023లో పదిహేనో వారం తయారీ. వాటిని వదిలేసి, కొత్త తయారీవి తెప్పిస్తానన్న షాపుకి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.