ఆవు పేడ వేసేదాకా

ఒంగోలు బస్టాండు బయట ఆటో అతను చదలవాడ పక్క ఊరికి ఐదొందలన్నాడు. రానూపోనూ కాదు, పోనూ మాత్రమే. పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి డబ్బులే అక్కర్లేదు కదా అని బస్సెక్కాను. ఉచితం అయ్యాక ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటు ఎంత ఉంటుందో రోజూ తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. నా చేతిలో థర్మాకోల్ పెట్టె, అందులో వేడినీళ్ల బాటిళ్లు, రబ్బరు బిరడాలు బిగించిన గాజు సీసాలు. సీట్లో కూర్చున్న ఒకావిడ జాలిపడి పెట్టె ఒళ్లో పెట్టుకుంది. "ఐస్‌క్రీమా అమ్మాయ్?" అంది. "కాదండీ, పేడ తేవడానికి" అన్నాను. పెట్టె వెంటనే నా చేతికి వచ్చేసింది.

ఎవరికి చెప్పినా ఇదే వరస కాబట్టి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గడ్డి నుంచి ఇథనాల్ అనే ఇంధనం చెయ్యడానికి పనికొచ్చే ఎంజైములు వెతకడం మా ల్యాబు పని. గడ్డిలో చక్కెరకి కొదవలేదు. కాకపోతే అదంతా సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ గొలుసులుగా బిగుసుకుని ఉంటుంది, వాటి చుట్టూ లిగ్నిన్ అడ్డం. ఆ గొలుసులు తెంపే ఎంజైముల కోసం పరిశ్రమ ఎక్కువగా నమ్ముకున్నది ట్రైకోడెర్మా రీసై అనే బూజుని. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు చివికి పోతుంటే, ఎందుకా అని వెతికితే దొరికింది అది. ఇవాళ ఫ్యాక్టరీల్లో పెంచే రకాలన్నీ ఆ గుడారం బూజు సంతానమే. ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో పానిపట్‌లో తెరిచిన ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్న లెక్కతో కట్టినది. ఇలాంటి చోట ఎంజైము వేసే ముందు గడ్డిని వేడితోనో యాసిడ్‌తోనో లొంగదీసుకోవాలి. డబ్బు అక్కడా, ఎంజైముల దగ్గరా ఖర్చయిపోతుంది. ఆవు మాత్రం యాసిడ్ లేకుండా, దాదాపు 39 డిగ్రీల ఒంటివేడిలో, నీడన కూర్చుని నెమరేస్తూ ఆ పని కానిచ్చేస్తుంది.

దాని కడుపులో బ్యాక్టీరియాతోపాటు బూజులూ ఉన్నాయని చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ఆక్సిజన్ లేకుండా బూజు బతకదనేది అప్పటి పాఠం. 1975లో కాలిన్ ఆర్పిన్ గొర్రె కడుపులో ఈదే తోక జీవులని చూసి, అవి ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు కాదు, బూజు విడిచిన బీజాలు అన్నాడు. ఈ బూజులు గడ్డిపోచలోకి వేళ్లలాంటివి దింపి చీలుస్తాయి, ఆ చీలికల్లోకి ఎంజైములు వదులుతాయి. 2016లో అమెరికాలో మిషెల్ ఓమాలీ బృందం మేక, గొర్రె, గుర్రం పేడల్లోంచి తీసిన బూజులని పరీక్షిస్తే, ఎంజైముల రకాల్లో ట్రైకోడెర్మాని మించిపోయాయి. ఇంకోటి చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. చక్కెరని పులియబెట్టి ఇథనాల్ చేసేది ఈస్టు, కానీ గడ్డిలో ఉండే జైలోజ్ అనే చక్కెరని పులియబెట్టడం మామూలు ఈస్టుకి చేతకాదు. దానికి ఆ విద్య నేర్పడానికి నెదర్లాండ్స్‌లో వాడిన జన్యువు మన ఆసియా ఏనుగు లద్దెలో దొరికిన బూజుది.

ఏనుగు లద్దె అంత పని చేసినప్పుడు ఒంగోలు జాతి పేడ చూడొద్దా? చదలవాడలో ఈ జాతి కోసమే ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది. కానీ నాకు లెక్క ప్రకారం దాణా తినే ఫారం పశువు వద్దు, గడ్డీ చొప్పా మీద బతికే ఇంటి పశువు కావాలి. పీచు మేత ఎక్కువైతే ఈ బూజులూ ఎక్కువ ఉంటాయి.

తెలిసినవాళ్ల ద్వారా మాట్లాడుకున్న రైతు ఇంటికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. కొట్టంలో గిత్త. తెల్లగా, మూపురం ఒక పక్కకి ఒరిగి, నన్ను చూసి బుస్సుమంది. ఫోన్ తీశానో లేదో పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫొటోలొద్దమ్మా. బండలాగుడు పోటీలున్నయ్. దిష్టి తగిలిద్ది."

"పేడ మాత్రమే బాబాయ్."

"పేడ ఇస్తే ఇంక దిష్టికి ఏం మిగిలిద్ది?"

ఎంత చెప్పినా వినలేదు. నాకు ఒళ్లు మండింది, ఎండకి కొంత, ఆయనకి కొంత. చివరికి ఆయన భార్య పెరట్లో కట్టేసిన ఆవుని చూపించింది. గిత్తకి ఉలవలు ఉడకేసి పెడతారట, ఆవుకి మాత్రం గడ్డి తప్ప ఇంకేమీ పెట్టరట. నా పనికి ఇదే మేలు. కాకపోతే పేడ పడ్డ వెంటనే లోపలి భాగం తీసి, గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ నింపిన సీసాలో వేసుకోవాలి. ఎండిన పేడలో కూడా ఇవి నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటాయి గానీ, తాజాది దొరుకుతుంటే ఎండినది ఎవరికి కావాలి?

కాబట్టి ఆవు వెనకాల ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. ఆవు నెమరేస్తోంది. చుట్టుపక్కల పిల్లలు చేరారు. ఒకడు వచ్చి "అక్కా, ఇంకా ఎయ్యలా?" అని అడిగి పోతాడు, మళ్లీ వస్తాడు. పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది, ఆ తర్వాత అన్నమే పెట్టేసింది. గోంగూర పచ్చడి, పప్పుచారు, వేయించిన ఎండుమిర్చి. హైవే మీద హోటల్లో రెండొందలు పెట్టి తిన్న పొద్దుటి టిఫిన్ గుర్తొచ్చి కడుపు మండిపోయింది. పచ్చడికి నోరు కూడా మండింది, అది వేరే సంగతి.

పెద్దాయన కోపం తగ్గి పక్కన మంచం వాల్చుకున్నాడు. ఇదంతా దేనికని అడిగితే చెప్పాను, వృథాగా పోయే గడ్డితో ఇంధనం చేస్తారని.

"వృథాగా ఎక్కడ పోతందమ్మా?" అంటూ లేచి కూర్చున్నాడు. "ఈ వామి చూడు. కాలవ కిందోళ్ల దగ్గర ట్రాక్టరు కట్టుకోని తెచ్చా. మా మెట్టలో శనగ, పొగాకు. పశువు మోరెత్తి చూసేది ఈ గడ్డికే."

నా దగ్గర జవాబు లేదు. మాది తణుకు దగ్గర. దాళ్వా కోతలప్పుడు మిషను వెళ్లిపోగానే చేలల్లో గడ్డి తగలబెడతారు, ఇల్లంతా పొగ. మా తాతకి రెండు వాములుండేవి, ఎద్దులు పోయాక వాములూ పోయాయి. ప్రాజెక్టు కాగితాల్లో "వ్యర్థం" అని రాసినప్పుడు నా కళ్ల ముందున్నది మా చేలే, ఈ మెట్ట కాదు. రెండిటి మధ్య ఒక రాత్రి ప్రయాణం కూడా లేదు. కనిగిరి వైపు దివాకరపల్లిలో రిలయన్స్ వాళ్లు బయోగ్యాస్ ప్లాంటుకి 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దానికి వేస్తామన్నారు. ఆ మాట చెబితే "ఆ గడ్డేదో మాకే ఇస్తే పోద్దిగా" అన్నాడు. ఆయన కొట్టంలోంచి చూస్తే అది న్యాయంగానే ఉంది.

తర్వాత బ్రెజిల్ మీదికి మళ్లాడు. మన పశువులు పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా అక్కడికి వెళ్లి "నెలోర్" అనే జాతి అయ్యాయి. వాటిలో వియాటినా అనే ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటిందని ఆయన ఫోన్లో చూశాడు. "మన ఆవే కదా. ఒంగోలుకి ఏం వచ్చింది? రేపు ఈ పేడలో నీకేదన్నా దొరికితే మాకేం వచ్చిద్ది?" జీవవైవిధ్య చట్టంలో లాభం పంచుకోవడం గురించి నాకు తెలిసింది చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు. నేనైనా నమ్మను.

అప్పుడే పిల్లలంతా ఒక్కసారి అరిచారు. ఆవు తోక ఎత్తింది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, నిద్రపోయాను. ల్యాబులో బ్యాక్టీరియాని అణచడానికి యాంటీబయాటిక్స్ వేసి, తురిమిన గడ్డితో 39 డిగ్రీల దగ్గర సీసాలు పెట్టాను. కొన్నిట్లో ఏమీ కాలేదు. కొన్నిట్లో గడ్డి అట్టకట్టి, బుడగలతో పైకి తేలింది. ఈ బూజులు పెరుగుతున్నాయనడానికి అది మంచి గుర్తే. మైక్రోస్కోపులో పోచల మీద బీజకోశాలు కనిపించాయి. ఎంజైముల సంగతి తేలడానికి చాలా పని ఉంది. మూడు నాలుగు రోజులకోసారి కొత్త సీసాలోకి మార్చకపోతే ఇవి చచ్చిపోతాయి కాబట్టి, సంక్రాంతికి ఊరు వెళ్లడం అనుమానమే.

ఆ సీసాల్లో వేసింది పెద్దాయన వామిలోని గడ్డే. ఆవు తినేదే బూజుకీ పెడదామని బయల్దేరేటప్పుడు ఒక మోపు అడిగాను. పేడకి పైసా తీసుకోని మనిషి, గడ్డికి మాత్రం రెండొందలు లెక్కపెట్టి తీసుకున్నాడు. ఆ రెండొందలు బిల్లులో రాస్తే మా ఆఫీసులో అకౌంట్స్ ఆయన ఆపేశాడు. వ్యర్థం అని ప్రాజెక్టులో మీరే రాశారు, దానికి డబ్బులెందుకు ఇచ్చారు మేడం అని. ఇంకా రాలేదు.