జల్లెడ కన్నం ఎంతో మెష్ నంబరు ఒక్కటే చెప్పదు

బెంగళూరులో హార్డ్‌వేర్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకెళ్ళి "ఇరవై మెష్ జాలీ రెండు మీటర్లివ్వండి" అంటే అది సగం ఆర్డరే. మెష్ నంబరు అంటే అంగుళం పొడవులో ఎన్ని కన్నాలున్నాయన్న లెక్క. కన్నం ఎంత వెడల్పో తేల్చేది తీగ మందం.

అంగుళానికి 25.4 మి.మీ. కాబట్టి 25.4ను మెష్ నంబరుతో భాగించి, అందులోంచి తీగ మందాన్ని మిల్లీమీటర్లలో తీసేయాలి. 20 మెష్‌కి 25.4 ÷ 20 = 1.27. ఇది తీగ నడుమ నుంచి పక్క తీగ నడుమకు దూరం. ఎస్.డబ్ల్యు.జి. (తీగ మందాన్ని నంబర్లలో చెప్పే బ్రిటిష్ కొలత) 34 గేజ్ తీగ మందం 0.234 కాబట్టి కన్నం 1.036 మి.మీ. అదే 28 గేజ్ అయితే 0.376 పోయి 0.894 మిగులుతుంది. నంబరు ఒకటే, జల్లెడలు రెండు. గేజ్ పెరిగితే తీగ సన్నబడుతుందన్నది మరవకండి, ఇక్కడే చాలామంది తిరగేస్తారు.

రాగుల్లో సన్న ఇసుక దులపడానికి 16 మెష్, 28 గేజ్ తీసుకుంటే కన్నం 1.21 మి.మీ. వస్తుంది. ఇసుకతో పాటు సన్న గింజలూ రాలిపోతాయి.

చేతిలో ఉన్న జాలీని కొలవాలంటే స్టీలు స్కేలు సున్నాను ఒక తీగ ఎడమ అంచున పెట్టి, ఇరవై కన్నాలు దాటాక వచ్చే తీగ ఎడమ అంచు దాకా చూసి 20తో భాగించండి. వచ్చేది తీగ నడుమ నుంచి నడుమకు దూరం, అందులోంచి తీగ మందం తీసేస్తే కన్నం. కన్నాల బదులు తీగలు లెక్కపెట్టారంటే దెబ్బే: 20 కన్నాలకు 21 తీగలుంటాయి. తీగ మందానికి అంచు నుంచి ఒక పోగు లాగి స్క్రూ గేజ్‌తో మూడు చోట్ల చూడండి. నేతలో పడ్డ వంపు దవడల మధ్య పడితే రీడింగు ఎక్కువొస్తుంది, కాబట్టి తిన్నటి చోటే పట్టాలి. జాలీని మొత్తంగా దవడల్లో పెట్టి అదే తీగ మందం అనుకోవడం పెద్ద తప్పు. అక్కడ ఒకదానిమీద ఒకటిగా రెండు తీగలున్నాయి. 34 గేజ్ జాలీకి అలా లెక్క కడితే 1.036 కాస్తా 0.8 అవుతుంది.

నిలువు, అడ్డం రెండూ కొలవండి. తేడా ఉంటే చిన్న కొలతే గింజను ఆపుతుంది. నేసిన తర్వాత జింకు పూత వేసిన జాలీకి పూతతో కలిపిన మందమే తీసేయాలి.

సన్న తీగతో ఖాళీ జాగా ఎక్కువ. కన్నాన్ని 1.27తో భాగించి వర్గం చేస్తే 34 గేజ్‌కి 66 శాతం పైనే, 28కి 50 లోపే. జల్లెడ పడే వేగం ఆ మేరకు మారుతుంది. కాకపోతే సన్నది త్వరగా అరుగుతుంది, అరిగిన కొద్దీ కన్నం పెద్దదవుతుంది. 20 డిగ్రీలు వాల్చి బిగించిన జల్లెడలో పైనుంచి రాలే గింజకు కన్నం 0.94 వంతే కనిపిస్తుంది, దాన్నీ కలుపుకోవాలి.

ఆర్డరు కాగితం మీద "20 మెష్, 34 గేజ్, ఎస్.ఎస్. 304, కన్నం 1.036 మి.మీ." అని (ఎస్.ఎస్. అంటే స్టెయిన్‌లెస్ స్టీలు) పూర్తిగా రాయించండి. రోల్ కోయకముందే అంచు పోగు లాగి కొలవండి. కోశాక వాపసు తీసుకోమంటే ఎవరూ తీసుకోరు.