సూదంటు రాయి

మావాడికి పదమూడేళ్లు. పుట్టింది, పెరిగింది డాలస్‌లో. ఆరేళ్లు ఆదివారం తెలుగు బడికి తిప్పాను. అక్షరాలొచ్చాయి, పద్యాలు అప్పజెప్పడం వచ్చింది. నేను తెలుగులో అడిగితే మాత్రం ఇంగ్లీషులోనే జవాబు. ఈ ఎండాకాలం విజయవాడలో మా నాన్నగారింట్లో నెల్లాళ్లున్నాం. వాడి నోట తెలుగు ఎలా పలికిందో దగ్గరుండి చూశాను.

నాన్న మోటార్ వైండింగ్ పనిలో ముప్ఫయ్యేళ్లు చేశారు. మెట్ల కింద పడున్న ఒక హార్స్ పవర్ త్రీఫేజ్ మోటార్ చూపించి, దీన్ని గాలితో తిప్పితే కరెంట్ వస్తుందా అని వీడు ఇంగ్లీషులో అడిగాడు. నాన్న తెలుగులోనే చెప్పారు: "ఊరికే తిప్పితే రాదు నాన్నా. లోపల తిరిగే రోటార్‌లో అయస్కాంతం లేదు. మనమే పెట్టాలి."

మర్నాడు ఆటోనగర్‌లో లేత్ మీద రోటార్‌ని చుట్టూరా కోయించారు. అయస్కాంతాల మందం మేర, పైన గుడ్డ చుట్టడానికి ఇంకాస్త. ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది, అంటే నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటార్. అందుకని నియోడిమియం ముక్కల్ని నాలుగు గుంపులుగా, ఉత్తరం పక్కన దక్షిణం వచ్చేలా అంటించాలి. అమ్మ వాటిని చూసి "ఇవి సూదంటు రాళ్లే కదా" అంది. సూదిని అంటుకునే రాయి అని విడమర్చి చెప్పగానే వాడి మొహం వెలిగిపోయింది. బడిలో నేర్చుకున్న ఏ మాటకీ వాడంత సంబరపడగా చూడలేదు.

మొదటిసారి తిన్నగా అంటించారు. బిగించి చేత్తో తిప్పితే స్టేటర్‌లో, అంటే చుట్టూ ఉండే కదలని భాగంలో, ఒక్కో పంటి దగ్గర ఆగిపోతోంది. "తాతయ్యా, పట్టేస్తోంది!" అన్నాడు. ఆ మాట నేను నేర్పలేదు, లేత్ దగ్గర విని ఉంటాడు. అన్నీ ఊడదీసి, స్టేటర్‌లో ఒక గాడి నుంచి పక్క గాడికి ఉన్నంత దూరం ఏటవాలుగా అంటించి, ఎపాక్సీ పూసి, ఫైబర్ గుడ్డ చుట్టారు. ఊడదీసేటప్పుడు రెండు ముక్కల మధ్య వాడి వేలు నలిగి కమిలిపోయింది. నాకు టెన్షన్, డాక్టర్ దగ్గరికి పోదామన్నాను. వాడు ఐస్ ముక్క పట్టుకుని మళ్లీ తాతయ్య పక్కనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నాన్న మోటార్ నుంచి వచ్చే మూడు వైర్లూ విడిగా ఉంచి షాఫ్ట్ తిప్పమన్నారు. హాయిగా తిరిగింది. మూడింటినీ కలిపి మెలేసి మళ్లీ తిప్పమన్నారు. ముదిరిన బెల్లం పాకంలో గరిటెలా బరువెక్కింది.

"ఎందుకు తాతయ్యా?"

"కరెంట్ ఊరికే వస్తుందట్రా? నీ చేతి బలమే అందులోకి పోతోంది."

వైర్లు విప్పడం, కలపడం, తిప్పడం. అన్నానికి పిలిచినా లేవలేదు.

415 వోల్టుల వైండింగ్ కాబట్టి నెమ్మదిగా తిరిగినా 12 వోల్టుల బ్యాటరీకి చాలుతుందట. కరెంట్‌ని ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు ఆరు, పీవీసీ పైపు కోసి చేసిన రెక్కలు. డాబా మీద నిలబెట్టారు. మాది గాలిమరలున్న రామగిరి కొండలంత గాలి ఉన్న చోటు కాదు. గాలి వేగం సగమైతే దాన్నుంచి వచ్చే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయినా రోహిణీ కార్తె వడగాలికి రెక్కలు తిరిగాయి, చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగింది.

డాలస్ తిరిగొచ్చాక ఆదివారం పొద్దున్నే ఫోన్ నా చేతిలోంచి లాక్కుంటున్నాడు.

"తాతయ్యా, బ్యాటరీ ఎంత చూపిస్తోంది?"

"పన్నెండున్నర. గాలి లేదురా."

"బేరింగులకి గ్రీజు పెట్టావా మరి?"