నవంబరు నాకు పండగ నెల అయింది

మా కాలనీ పెన్షనర్ల లైఫ్ సర్టిఫికేట్ల పని నిన్నటితో పూర్తయింది. ఆ సంతోషం ఇంకా ఒంట్లో ఉండగానే రాస్తున్నాను. రిటైరయ్యాక ఇంత తృప్తిగా గడిచిన నెల నాకు మరొకటి లేదు.

నేను విజయవాడ దగ్గర రాయనపాడు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేశాను. ఆకురాయి పట్టడం, ఇనుప రజను, గ్రీజు, సాయంత్రం కిరోసిన్‌తో చేతులు కడుక్కోవడం. ఇన్నేళ్ల పనిలో వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వయసు మీదపడి చర్మం ఎండేసరికి మిగిలినవీ పోయాయి. కేంద్ర పెన్షనర్లం ఏటా నవంబరులో బతికే ఉన్నామని రుజువు, అదే లైఫ్ సర్టిఫికేట్, ఇవ్వాలి. ఇవ్వకపోతే డిసెంబరు నుంచి పెన్షన్ ఆగిపోతుంది. మళ్లీ ఇచ్చాక బకాయితో సహా వస్తుందనుకోండి, కానీ ఆ మధ్యలో మందులు ఎవరు కొంటారు?

పోయినేడాది మా బ్యాంకులో జరిగింది చెప్పాలి. నా వంతు వచ్చాక బొటనవేలు మిషన్ మీద పెట్టాను. పడలేదు. చూపుడువేలు పడలేదు. ఎడమచెయ్యి కూడా పెట్టమన్నారు. వెనకాల ఎవరో వేలు తలకి రుద్దుకుని పెట్టమంటే అదీ చేశాను. కౌంటర్లో కుర్రాడు మాటైనా చెప్పకుండా నా చెయ్యి పట్టుకుని మిషన్ మీద అదిమాడు. నొప్పెట్టింది. పక్క కౌంటరుకి వినపడేలా, "ఈయన ఉన్నట్టు సిస్టం ఒప్పుకోవట్లేదండీ" అన్నాడు. క్యూలో కొందరు నవ్వారు.

"బాబూ, నీ ఎదురుగానే నిలబడ్డాను కదయ్యా" అన్నాను.

"నువ్వు నిలబడితే సరిపోదు తాతా, ముద్ర పడాలి. ఆధార్‌లో అప్‌డేట్ చేయించుకుని రా. నెక్స్ట్!"

తాత అని మా మనవలు పిలిస్తే వేరు. కాగితం మీద సంతకం పెట్టి ఇస్తానంటే, ఇప్పుడన్నీ ఆన్‌లైనే అన్నాడు. మేనేజరు గారిని కలుస్తానంటే భోజనాలయ్యాక రమ్మన్నారు. భోజనాలయ్యాక వెళ్తే ఆయన మీటింగులో ఉన్నారు. గోడవారన కుర్చీలో కూర్చున్నాను. నేను బాగుచేసిన వ్యాగన్లు బొగ్గు మోసుకుంటూ దేశమంతా తిరిగాయి. నా చేతి కింద నేర్చుకున్న కుర్రాళ్లు పెద్ద పోస్టులకి వెళ్లారు. ఆ చేతులే పనికిరావని అందరి ముందూ చెప్పించుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెడితే తినబుద్ధి కాలేదు.

పెద్దవాళ్లతో పనిచేసే ప్రతి కౌంటరువాళ్లకీ ఒక మాట. మీ నాన్న చెయ్యి అలా అదుముతారా? మిషన్ తప్పు మనిషి మీదకి నెట్టకండి. పెన్షన్ ఇచ్చే బ్యాంకుకి మనిషి స్వయంగా వెళ్తే కాగితం ఫారం తీసుకోవాల్సిందే, తీసుకున్నట్టు సంతకంతో రసీదు కూడా ఇవ్వాలి. పెన్షనర్లు ఈ రెండూ గట్టిగా అడగండి.

మా మేనకోడలి కొడుకు ఆ ఆదివారం వచ్చి, ముఖం చూపించి చేసే పద్ధతి ఉందన్నాడు. ఆన్‌లైన్లో లైఫ్ సర్టిఫికేట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైతే, ఈ ముఖం పద్ధతి 2021 నవంబరులో వచ్చిందట. ఫోన్లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాప్‌లు వేశాడు. కళ్లు ఆర్పమంది, ఆర్పాను. కాసేపట్లో ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికేట్ నంబరు, మెసేజ్ వచ్చింది. బ్యాంకులో పగలంతా కూర్చున్నా కాని పని!

ఆ ఫోన్ చేతిలో పట్టుకుని ఉండగానే మా వీధిలో మిగతావాళ్లు గుర్తొచ్చారు. గ్యాంగ్‌మన్‌గా చేసినాయన వేళ్లు నా వేళ్లకన్నా అధ్వాన్నం. పక్కింటి అత్తయ్యగారు ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్నారు, మోకాళ్లు లేవవు. మేనకోడలి కొడుకు దగ్గర కూర్చుని పద్ధతంతా నేర్చుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ముందుగా, ఫోన్ ఎవరిదో వాళ్ల ముఖాన్ని ఆపరేటరుగా నమోదు చేయాలి. ఆ తర్వాత అదే ఫోన్లో ఎంతమందికైనా చేయొచ్చు.

ఈ ఏడాది అక్టోబరు 1 నుంచే మొదలుపెట్టాను, 80 దాటినవాళ్లు ఒక నెల ముందే ఇవ్వొచ్చు కాబట్టి. పొద్దున వాకింగయ్యాక పార్కులో సిమెంటు బల్ల మీద కూర్చునేవాణ్ణి. నడవలేనివాళ్ల ఇళ్లకి వెళ్లేవాణ్ణి. ఫోటో తీస్తుందని చెప్పగానే అత్తయ్యగారు, "ఉండు నాయనా, చీర మార్చుకొస్తా" అని లోపలికెళ్లి, తల దువ్వుకుని, గద్వాల చీర కట్టుకుని వచ్చారు. మెసేజ్ రాగానే నా తల మీద చెయ్యి వేసి దీవించారు. డెబ్బైకి దగ్గరపడుతున్న నన్ను అలా దీవించేవాళ్లు ఇంకా ఉన్నారు. గ్యాంగ్‌మన్ గారు ముఖం ఒక్కసారికే పడేసరికి గట్టిగా నవ్వి, అందరికీ టీ చెప్పారు. ఎప్పుడూ తలుపేసుకుని ఉండే ఇద్దరు ముగ్గురు ఇప్పుడు రోజూ పార్కుకి వస్తున్నారు. నా చేతిమీదుగా వెళ్లిన సర్టిఫికేట్ ఒక్కటీ తిరస్కరణ కాలేదు, ఎందుకంటే పీపీవో (పెన్షన్ ఆర్డరు) నంబరు, ఖాతా నంబరు రెండుసార్లు చదివించుకున్నాకే నొక్కుతాను.

మా ఈడువాళ్లు కొందరు రోజంతా కొడుకుల మీద, కోడళ్ల మీద ఫిర్యాదులతో గడుపుతారు. ఒక్కసారి ఇంకొకరి పని చేసిపెట్టి చూడండన్నా, ఆ పూట ఆకలి కూడా బాగా వేస్తుంది.

చేయాలనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు. ముఖం మీద వెలుతురు పడాలి, కిటికీ వీపు వెనక ఉండకూడదు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టాలి. ఓటీపీ పెన్షనరు ఫోనుకే వస్తుంది, పక్కనే కూర్చుని అడగాలి. ఫోన్ చేసి లైఫ్ సర్టిఫికేట్ కోసం ఓటీపీ చెప్పమనేవాళ్లు దొంగలు, పెట్టేయండి. పీఎఫ్ పెన్షనువాళ్లకి నవంబరు పట్టింపు లేదు, ఎప్పుడిచ్చినా ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు తమ ట్రెజరీలో కనుక్కోవాలి. దగ్గర ఎవరూ లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తాడు, 70 రూపాయలు.

వెనక వీధిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ నేర్చుకుంటానన్నారు. వచ్చే ఏడాది ఆ వీధి ఆవిడది, ఈ వీధి నాది.