బకెట్ నీళ్లు, ఒక పెన్సిల్ గీత

మా పాత ఇంటి మరమ్మతు పని తొంభై శాతం అయిపోయిందని మేస్త్రీ గారు చెప్పి ఇవాళ్టికి ఐదు వారాలు. ఇంకా ఆ మిగిలిన పది శాతం దగ్గరే ఉన్నాం. ఆయన మాట నమ్మి, అద్దె ఇంటి ఓనరుకు ఖాళీ చేసే తేదీ చెప్పేశాను. అప్పట్నుంచీ నాకు క్యాలెండర్ చూడాలంటేనే టెన్షన్.

గోడలు పగలగొట్టే రోజుల్లో ఇంత కష్టం లేదు. పొద్దున ఉన్న గోడ సాయంత్రానికి ఉండదు, పని జరిగినట్టు కంటికి కనిపిస్తుంది. చివరికొచ్చేసరికి రోజంతా నలుగురు పనిచేసినా ఇల్లు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. పైగా అడిగిన ప్రతిదానికీ ఒకటే జవాబు: "అది లాస్ట్‌లో చూసుకుందాం మేడమ్." లాస్ట్ అంటే ఇదే కదా అని నా బాధ.

నీలం రంగు మాస్కింగ్ టేపు ఒక చుట్ట తెచ్చుకుని గది గదికీ తిరిగాను. ఎక్కడ లోపం కనిపిస్తే అక్కడ చిన్న ముక్క అంటించి నంబరు వేశాను. నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా అది ఎవరి పనో రాశాను. మొదటి రౌండ్‌లో 71 వచ్చాయి. పెయింటర్ చూసి, "గోడ కంటే టేపే ఎక్కువుంది కదా మేడమ్" అని నవ్వాడు. అందులో 40 అతనివే.

ఆ రాత్రి నాన్న టార్చ్ తీసుకుని వచ్చారు. పగలు అద్దంలా కనిపించిన గోడకు టార్చ్‌ని ఆనించి, వెలుతురు గోడ వెంబడి పాకేలా వేశారు. అంతే, లప్పం (గోడ నునుపుకి రాసే పుట్టీ) పట్టిన చోటల్లా అలలు, గుంటలు, అది రాసిన పట్టీ అంచుల గీతలు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు పెయింటర్‌ని పిలిచి చూపిస్తే, "టార్చేసి చూస్తే ఎవరి గోడైనా ఇంతే సార్" అన్నాడు నాన్నతో. నిజం చెప్పాలంటే అతను అన్నదాంట్లో సగం న్యాయం ఉంది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. కిటికీ పక్కనుంచి ఎండ ఏటవాలుగా పడే గోడ ఒకటి, గోడ లైటు పెట్టబోయే గోడ ఒకటి, ఈ రెంటినీ మళ్లీ సాండ్‌పేపర్ కొట్టి, లప్పం సరిచేసి, ప్రైమర్ వేయాలి. మిగతా గోడల మీద టార్చ్ వేయనని నాన్న మాటిచ్చారు. (నిలబెట్టుకోలేదు.)

మా ఆయన వేరే ఊళ్లో ఉద్యోగం. రోజూ వీడియో కాల్‌లో చూసి "బానే ఉంది కదా" అంటారు. ఫోన్ తెరలో ఏ ఇల్లైనా బానే ఉంటుంది.

ఇక తలుపుల సంగతి. పాత ఫ్లోరింగ్ తవ్వకుండా దాని మీదే కొత్త టైల్స్ వేయించాం. దుమ్ము తక్కువ, రోజులు కలిసొస్తాయి అనుకున్నాం. టైల్ మందం, దాని కింద గమ్ము, రెండూ కలిసి నేల దాదాపు 13 మిల్లీమీటర్లు లేచింది. తలుపులు మాత్రం లేవలేదుగా. మూడు తలుపులు నేలను గీకడం మొదలుపెట్టాయి. వడ్రంగి వాటిని ఊడదీసి, అడుగున చిత్రిక పట్టి, మళ్లీ బిగించి వెళ్లిపోయాడు. తలుపులు హాయిగా తిరుగుతున్నాయి. నేను టేపు పీకేశాను కూడా. నాన్న మాత్రం చేతి అద్దం ఒకటి తలుపు కిందకి జరిపి నన్ను వంగి చూడమన్నారు. అద్దంలో పచ్చి చెక్క. రంగు లేదు, వార్నిష్ లేదు. తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా ఆ అంచు నీళ్లు తాగుతుంది, ఉబ్బుతుంది, మళ్లీ గీకుతుంది. తలుపు అడుగు అంచు రంగు ఎవరి పని? వడ్రంగి పెయింటర్‌దన్నాడు. పెయింటర్, "ఊడదీసినప్పుడు చెప్పుంటే వేసేవాణ్ణిగా" అన్నాడు. మూడు తలుపులూ మళ్లీ దిగాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, పై అంతస్తు బాత్‌రూమ్ ఒక ఎత్తు.

టైల్స్ వేశారు, గ్రౌటింగ్ అయింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక బకెట్ నీళ్లు పోశాను. చాలావరకు జాలీలోకి పోయాయి. తలుపు వైపు మూలలో మాత్రం అరచేతంత మడుగు అలాగే నిలిచిపోయింది. పది నిమిషాలు చూశాను. కదల్లేదు.

"అవి ఎండిపోతాయమ్మా" అన్నారు మేస్త్రీ గారు.

"ఎండడానికి కాదు కదా మేస్త్రీ గారూ జాలీ పెట్టించింది?"

ఆయన రసమట్టం తెచ్చి నేల మీద పెట్టారు. వాటం, అంటే జాలీ వైపు వాలు, మీటరుకు ఒక సెంటీమీటరైనా ఉండాలి. ఆ మూలలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. అంటే బల్లపరుపు. "మీరు తెచ్చిన టైల్ పెద్దదమ్మా, నాలుగు వైపుల నుంచీ వాటం ఎలా తేవాలి?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండడుగుల టైల్స్ మోజుపడి తెచ్చింది నేనే. పెద్ద పలక వంగదు, ఒక వైపుకే వాలుతుంది. జాలీ మధ్యలో ఉన్నప్పుడు చిన్న టైల్స్ అయినా వేయాలి, లేదా పెద్దవాటిని మూల నుంచి జాలీ దాకా ఐమూలగా కోసి వేయాలి.

రెండు గంటలు వాదించుకున్నాక నేల టైల్స్ లేపించాం. లేపేటప్పుడు వాటర్‌ప్రూఫింగ్ పూత రెండు చోట్ల చిరిగింది. కింద హాలు. దాని సీలింగ్‌కి రెండో కోటు అప్పటికే పడిపోయింది. ఇక రిస్కు వద్దని పూత మొత్తం మళ్లీ వేయించాను. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా, గోడ మీదకి ఒక అడుగు ఎత్తు వరకు. అది పూర్తిగా ఆరాక జాలీ మూసేసి, గడప దగ్గర సిమెంటు గట్టు కట్టి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టాం. కిందకి కారుతుందేమో తేలాలంటే 48 గంటలు ఉంచాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే నీళ్లు గీతకు రెండు మిల్లీమీటర్లు కిందున్నాయి. నా గుండె జారిపోయింది. కిందకి పరిగెత్తి హాలు సీలింగ్ అంతా చేత్తో తడిమాను, నిచ్చెన ఎక్కి మరీ. పొడిగానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. అప్పుడు నాన్న తాపీగా బాత్‌రూమ్ మూలలో ఉన్న బకెట్ చూపించారు. రాత్రి నేను వెళ్లాక అందులోనూ నీళ్లు పోసి, లోపల గీత గీసి పెట్టారట. బకెట్‌లోనూ రెండు మిల్లీమీటర్లే తగ్గాయి. చిల్లులేని బకెట్‌లో ఎంత తగ్గిందో నేల మీదా అంతే తగ్గితే అది గాలికి ఆవిరైన నీళ్లే, కిందకి కారినవి కాదు. "రాత్రే చెప్పొచ్చుగా నాన్నా!" అంటే, "నువ్వు అడగలేదుగా" అన్నారు.

కరెంటు పని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) మీద టెస్ట్ బటన్ నొక్కితే ఇల్లంతా చీకటైంది. అంటే బాగానే పనిచేస్తోందన్నమాట. స్టోర్‌రూమ్‌లో నిచ్చెన మీదున్న పెయింటర్ అరుపు ఇంకా చెవిలో ఉంది, ముందే చెప్పాల్సింది. మూడు లైట్ల టెస్టర్ గుచ్చి చూస్తే ఒక సాకెట్‌కి ఎర్త్ అసలు కలపలేదని తేలింది. బోర్డులో ఒక్కో లైనుకు ఉండే సేఫ్టీ స్విచ్‌లు, ఎమ్‌సీబీల మీద పేర్లు కూడా తారుమారు: "వంటగది" అని రాసింది ఆపితే పడకగది ఫ్యాను ఆగింది. నాన్న బోర్డు దగ్గర, నేను గదుల్లో, ఫోన్లు పెట్టుకుని గంటసేపు అరుచుకుని మళ్లీ రాశాం.

నిన్న సాయంత్రానికి నోటుబుక్కులో నాలుగు మిగిలాయి. అందులో ఒకటి తలుపు వెనక పడిన స్విచ్‌బోర్డు. అది ప్లాన్‌లో నేనే అక్కడ పెట్టించాను, కాబట్టి దాని టేపు చప్పుడు చేయకుండా నేనే తీసేశాను. పై బాత్‌రూమ్‌లో ఐమూలగా కోసిన టైల్స్ మీద మేస్త్రీ గారు తనే బకెట్ నీళ్లు కుమ్మరించి నా వైపు చూశారు. నీళ్లు నాలుగు మూలల నుంచీ జాలీకి చేరాయి. "చివరి చెక్కు ఇవ్వొచ్చా అమ్మా?" అన్నారు.

వారం ఆగమన్నాను. ముందు రోజూ స్నానాలు చేసి చూడాలిగా.