బాగానే ఉన్నానన్నాను

నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. తెల్లారేసరికి కుడివైపు కిందికి దిగింది, రెండు వాంతులయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి తగ్గిపోయింది. హమ్మయ్య అనుకుని హాయిగా నిద్రపోయాను. అపెండిక్స్ పగిలింది బహుశా అప్పుడేనని తర్వాత సర్జన్ చెప్పారు. పగలగానే లోపలి ఒత్తిడి పోయి కాసేపు తేలిగ్గా ఉంటుందట, ఆ తర్వాత పొట్టంతా చీము పాకుతుంది. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఎవరైనా మంచం కదిపినా అరుస్తూ ఆస్పత్రిలో చేరాను.

ఆ రాత్రే పొట్ట తెరిచి, లోపలంతా కడిగి, కుట్లు వేశారు. మెలకువ వచ్చేసరికి ముక్కులో ఒక పైపు, మూత్రానికి ఒకటి, పొట్ట పక్కనుంచి చీము బయటికి పోయే డ్రెయిన్ గొట్టం, చేతికి సెలైన్. సిస్టర్ గంటగంటకీ వంగి మూత్రం సంచీ చూసి రాసుకునేది. నా బరువు 60 కిలోలు. గంటకి కనీసం 30 మిల్లీలీటర్లు రావాలట. నేను దాహంతో అల్లాడుతుంటే ఈవిడకి ఆ సంచీ గోలేమిటని చిరాకు. కిడ్నీలకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో ఆ సంచీయే ముందు చెబుతుందని నాకేం తెలుసు!

రెండో రాత్రి నొప్పి తట్టుకోలేక బెల్ కొట్టాను. సున్నా నుంచి పది వరకు అంకె అడిగింది సిస్టర్. ఎనిమిదన్నాను. "ఇప్పుడే ఇంజెక్షన్ తెస్తానమ్మా" అని వెళ్తూ వెళ్తూ పక్క మంచం దగ్గర ఆగింది. ఆగినావిడ కదల్లేదు.

ఆ మంచం మీద పెద్దావిడకి అదే రోజు తుంటి ఆపరేషన్ అయింది. గురకపెట్టి నిద్రపోతోంది. అదృష్టవంతురాలనుకున్నాను. సిస్టర్ ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ నిమిషం నిలబడింది. తర్వాత భుజం తట్టి, "పెద్దమ్మా, కళ్లు తెరవండి" అని గట్టిగా పిలిచింది. నొప్పి మందు మార్ఫిన్ ఎక్కించే పంపు ఆపేసింది, ఆక్సిజన్ పెట్టింది, డ్యూటీ డాక్టర్ని కేకేసింది. నేను బెల్ కొడుతూనే ఉన్నాను. "ఇక్కడ నొప్పితో చస్తుంటే, నిద్రపోయేవాళ్లని లేపుతారేంటి?" అని అరిచాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

20 నిమిషాల తర్వాత నా ఇంజెక్షన్‌తో వచ్చింది. "ఆలస్యమైందమ్మా. ఆవిడ నిమిషానికి ఎనిమిదిసార్లే ఊపిరి తీసుకుంటోంది. పన్నెండన్నా ఉండాలి" అంది, అంతే. మార్ఫిన్ ఎక్కువైతే ముందు మత్తు కమ్ముతుంది, తర్వాత ఊపిరి నెమ్మదిస్తుంది. దానికి విరుగుడు నలోక్సోన్ ఇచ్చారని పొద్దున తెలిసింది. నాదీ ఎనిమిదే, ఆవిడదీ ఎనిమిదే.

నన్నూ వదిలెయ్యలేదు. అరగంటకి మళ్లీ వచ్చి అంకె అడిగింది. మూడన్నాను. "పడుకుంటే మూడు సరే, దగ్గితే ఎంత?" దగ్గి చూస్తే ఆరు. ఆ రెండో ప్రశ్నే అసలుదని తర్వాత అర్థమైంది. నొప్పికి భయపడి దగ్గకపోతే, లోతుగా ఊపిరి పీల్చకపోతే, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి కఫం చేరుతుంది. దిండు పొట్టకి అదిమి పట్టుకుని దగ్గడం నేర్పింది. మూడు బంతుల పరికరం చేతికిచ్చి, గంటకి పదిసార్లు పీల్చమంది. మర్నాడు నిలబెట్టేముందు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి బీపీ చూశారు. గభాల్న లేస్తే కళ్లు తిరిగి పడతామట. పిక్కల్లో నొప్పి ఉందా, ఒక కాలు వాచిందా అని రోజూ అడిగేవాళ్లు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ సరే సరి. ఇక గ్యాస్ పోయిందా అని అడగని మనిషి ఆ వార్డులో లేడు! మూడో రోజు పోయింది. నాకంటే వాళ్లకే ఎక్కువ సంతోషం.

ఐదో రోజు పొద్దున మరో సిస్టర్ వచ్చింది. పైపులన్నీ తీసేశారు, నొప్పి రెండే, ఇంటికెళ్లే లెక్కలు వేసుకుంటున్నాను. ఎలా ఉందమ్మా అంటే బాగానే ఉన్నానన్నాను. మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తోందనుకున్నాను. నాడి అయిపోయాక కూడా వేళ్లు తియ్యలేదు, చూపు నా ఛాతీ మీదుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడట, అందుకే చెప్పరు. 26. నిన్న 18. నాడి 112. జ్వరం పెద్దగా లేదు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారని అడిగింది. ఒక్కసారి, అదీ కొంచెమే.

ఫోన్‌లో డాక్టర్ సాయంత్రం రౌండ్స్‌లో చూద్దామన్నట్టున్నారు. "లేదు సార్, ఇప్పుడే రండి. బీపీ బాగానే ఉంది, పడిపోయేదాకా ఆగొద్దు" అంది. గొంతు పెంచలేదు. ఆయన వచ్చారు. యాంటీబయాటిక్ మార్చేముందు రెండు చేతుల నుంచీ కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి, రక్తం తీశారు, సెలైన్ ఎక్కించారు, స్కాన్‌కి తీసుకెళ్లారు. పొత్తికడుపు అడుగున చీము గూడు కట్టింది. స్కాన్‌లో చూస్తూ సూదితో సన్నని గొట్టం వేసి లాగితే 200 మిల్లీలీటర్ల దాకా వచ్చింది. ఆ రాత్రి నాకు చలి, వణుకు. మరికొన్ని గంటలు ఆగి ఉంటే ఆ వణుకు వార్డులో కాదు, ఐసీయూలో మొదలయ్యేదన్నారు.

తర్వాతి వారం గొట్టంలో వచ్చేది కొలుచుకోవడంతోనే గడిచింది. 60, 40, 25, 10. అది ఆగాక తీసేశారు. డిశ్చార్జ్ రోజు మొదటి సిస్టరే కుట్లు చూసి జాగ్రత్తలు చెప్పింది. మళ్లీ జ్వరం వచ్చినా, కుట్టు ఎర్రబడి కారినా, పొట్ట ఉబ్బి వాంతులైనా, ఆయాసం వచ్చినా ఆలోచించకుండా రమ్మంది. బరువులు ఆరు వారాల దాకా ఎత్తొద్దంది.

"సిస్టర్, ఆ రెండో రాత్రి మీ మీద అరిచాను, ఏమనుకోకండి" అన్నాను.

కాగితం మడిచి నా చేతికిస్తూ కాసేపు ఆలోచించింది.

"ఏ రాత్రమ్మా? గుర్తులేదే. అప్పుడు మీది ఏ బెడ్?"